అషీల్ గుమ్మం ముందు బండ్లు

ఆదివారం పొద్దున ఆరు కొట్టేసరికి సురేన్‌లోని ఆ సందులోకి బండ్లు రావడం మొదలయ్యేవి. వాటిని నడిపేవాళ్ళెవరూ ఉండరు. నది మీది వంతెన దగ్గర పోలీసు చెయ్యి అడ్డం పెడితే ఆగేవి, తీస్తే కదిలేవి. సందు మలుపులో ఒక్కసారి హారన్ కొట్టి, వరసగా వచ్చి అషీల్ వోద్రాన్ ఇంటి గోడకి ముక్కు ఆనించి నిలబడేవి. ఒక వారం నాలుగు, ఒక వారం ఏడు. పోయిన ఈస్టర్‌కి పదకొండు వచ్చాయి.

వాటి యజమానులు మధ్యాహ్నం ట్రాములో వచ్చేవారు. సందు మొదట్లో మదాం గెర్లే నడిపే హోటల్లో ఆల్చిప్పల కూర తిని, ఓ గ్లాసు వైను తాగి, ఎవరి బండి వాళ్ళు తోలుకుపోయేవారు. ఆదివారం బండి ఇంటిపట్టున ఉండదని తెలుసు కాబట్టి ఆ రోజుకి ఎవరూ ప్రయాణాలు పెట్టుకునేవారు కాదు. వోద్రాన్ బండి కొన్నవాళ్ళకి అది మామూలే.

మామూలు కానిది ఒక్కటే, ఫిర్మాన్ కొర్బ్యే కడుపులో మంట. అతనిది సరిగ్గా ఎదురిల్లు. వోద్రాన్ బండికి ఇంజను అషీల్ చేస్తే, బాడీ ఫిర్మాన్ చేసేవాడు. చెరిసగం భాగస్తులు. యుద్ధంలో నాలుగేళ్ళు ఒకే మరమ్మతు షెడ్డులో పనిచేసి, ఒకే దుప్పటి కప్పుకుని పడుకున్నవాళ్ళు. అలాంటిది ఆదివారం వచ్చేసరికి ఫిర్మాన్ కిటికీ ఓరగా తెరిచి, ఎదుటి గుమ్మం ముందున్న బండ్లు లెక్కపెట్టి, కళ్ళలో నిప్పులు పోసుకునేవాడు.

"ఎన్నొచ్చాయి?" వంటింట్లో కాఫీ మర తిప్పుతూ అడిగేది అతని భార్య లియొంతీన్.

"ఆరు."

"మన గుమ్మానికి?"

"ఎందుకే పొద్దున్నే పుండు మీద కారం చల్లుతావ్?"

"అడిగానంతే. కాఫీలో చక్కెర రెండు బిళ్ళలు వేస్తాను, ఆ మొహంలో చేదు కాస్త తగ్గుతుంది."

బండికి ప్రాణం ఇంజను కాబట్టి, ఆ ప్రాణం పోసినవాడి మీద మమకారంతో వస్తున్నాయని సందులో అందరూ అనుకునేవారు. దానికి తగ్గట్టే, ఫిర్మాన్ దంపతులు చర్చికి బయల్దేరే వేళకి అషీల్ చొక్కా చేతులు పైకి మడిచి, ఒక్కో బండి బానెట్ ఎత్తి, లోపల చేతులు పెట్టి ఏదో గొణుగుతూ కనిపించేవాడు. అతనికి పెళ్ళీ లేదు, దేవుడూ లేడు. "ముద్దులాడుతున్నాడు చూడు," అని పళ్ళు కొరికేవాడు ఫిర్మాన్. చర్చిలో మోకాళ్ళ మీద ఉన్నంతసేపూ అతని మనసు ఆ గోడ దగ్గరే ఉండేది.

"నువ్వే చెప్పు లియొంతీన్. బండెక్కినవాడి వీపు ఆనేది దేనికి? నా చెక్కకి. వానొస్తే కాపాడేది ఏది? నా టాపు. ఇంజను మొహం ఎవడు చూస్తాడు?"

"బండ్లు చూస్తున్నాయిగా," అనేది లియొంతీన్, దారి పొడుగునా ఒక్క మాటా మెత్తగా చెప్పకుండా.

ఈ మంట పేరు దగ్గర అంటుకుంది. 1921లో, మూతపడ్డ ఒక లాండ్రీ షెడ్డు అద్దెకి తీసుకుని ఇద్దరూ బండ్లు కట్టడం మొదలుపెట్టారు. మూడు వందల యాభై కిలోలు దాటని రెండు సీట్ల బండికి సర్కారు పన్ను బాగా తక్కువ. అందుకని ఆ రోజుల్లో నదికి ఇటు పక్క ప్రతి సందులోనూ ఎవరో ఒకరు అలాంటి బండి కడుతూ ఉండేవారు. బరువు తగ్గాలని మేకు తలకాయ కూడా ఆకురాయితో అరగదీసేవారు. మొదటి బండి తయారైనప్పుడు రేడియేటర్ మీద బిగించే ఇత్తడి బిళ్ళకి పేరు కావలసి వచ్చింది. రెండు పేర్లు పెడితే బిళ్ళ పెద్దదై బరువు పెరుగుతుంది.

"నీ పేరే పెట్టరా," అన్నాడు ఫిర్మాన్, మాట వరసకి.

అషీల్ కాదంటాడు, తను బలవంతపెడతాడు, వాడు మళ్ళీ కాదంటాడు, చివరికి ఇద్దరి పేర్లూ చిన్న అక్షరాల్లో ఇరికిద్దాం అనుకుంటారు. మర్యాద తెలిసినవాళ్ళ మధ్య జరగాల్సింది అది. అషీల్ మాత్రం "సరే" అని టోపీ పెట్టుకుని బిళ్ళ పోయించడానికి వెళ్ళిపోయాడు. ఆ "సరే" ఫిర్మాన్ గొంతులో చేపముల్లులా దిగిపోయింది. రెండేళ్ళయినా బయటికి రాలేదు.

ఆ రెండేళ్ళలో వోద్రాన్ బండికి దారి మధ్యలో ఆగని బండి అని పేరొచ్చింది. కొన్నవాళ్ళు ఇంకొకళ్ళకి చెప్పేవారు. మెచ్చుకున్న ప్రతివాడూ వోద్రాన్‌నే మెచ్చుకునేవాడు. ఫిర్మాన్ ఓర్చుకోలేక ఒక ఎత్తు వేశాడు.

"ఒరేయ్ అషీల్, మా ఆవిడకి కీళ్ళనొప్పులు. మీ వైపు పొద్దుటెండ పడుతుంది. ఇళ్ళు మార్చుకుందామా?"

"సరే," అన్నాడు అషీల్ వెంటనే. ఆ మధ్యాహ్నమే మంచాలు ఇటువి అటు, అటువి ఇటు మోసుకున్నారు.

లియొంతీన్‌కి కీళ్ళనొప్పులు లేవు. అయినా నోరు మెదపకుండా గిన్నెలు సర్దుకుంది. ఆ ఆదివారం ఫిర్మాన్ అయిదింటికే లేచి, గడ్డం గీసుకుని, మంచి చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. బండ్లు వచ్చాయి. సందు మధ్యలో ఒక్క క్షణం ఆగాయి. ఆగి, వెనక్కి కాస్త జరిగి, ఫిర్మాన్ ఇరవై ఏళ్ళు కాపురమున్న ఎదురింటి గోడకి ముక్కు ఆనించాయి.

"ఎండ మాత్రం బాగుందయ్యా," అంది లియొంతీన్ వెనకనుంచి.

1923 శరదృతువులో బోర్డో నుంచి లాబర్త్ అనే ఏజెంటు వచ్చాడు. కొత్త మోడల్ కాటా మీద మూడు వందల యాభై లోపు తూగితే ముప్ఫై బండ్లు ఒక్కసారే తీసుకుంటానన్నాడు. రెండున్నరేళ్ళలో వాళ్ళు కట్టినవి నలభై. ముప్ఫై బండ్ల ఆర్డరంటే షెడ్డు నిలబడినట్టే. అది పోతే, పెద్ద కార్ఖానాలు నాలుగు సీట్ల కార్లు చవగ్గా వదులుతున్న ఆ కాలంలో, తలుపులు మూసుకోవడమేనని ఇద్దరికీ తెలుసు.

ఆ కొత్త మోడల్ బాడీ మీద ఫిర్మాన్ నాలుగు నెలలు పడి పనిచేశాడు. చట్రం కమ్ముల్ని వేలెడు సన్నం చేశాడు. తేలికైన పాప్లర్ చెక్కని కాగితమంత పల్చగా చీల్చి రెండు పొరలు అంటించాడు. తలుపు ఒక వైపే పెట్టాడు. లాబర్త్ బండి చుట్టూ తిరిగి, వెనక భాగం ఒంటిచేత్తో పైకి లేపి చూసి నవ్వాడు.

"మెస్యూ వోద్రాన్, ఇది బండి కాదండీ, ఈక."

అషీల్ మొహం ఎర్రబడింది. చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "అది నా పని కాదు, వాడిది" అనలేదు. ఆ వాడు రెండడుగుల దూరంలో వార్నిష్ కుంచె పట్టుకుని నిలబడి ఉన్నాడు. లాబర్త్ అతన్ని కూలివాడనుకుని, కాస్త పక్కకి జరగమని చేత్తో సైగ చేశాడు.

ఆ సాయంత్రం అషీల్ ఇంటికెళ్ళాక ఫిర్మాన్ షెడ్డు మూల పడి ఉన్న పాత సీసం గొట్టాన్ని సుత్తితో కొట్టి పల్చటి పలక చేశాడు. అయిదు కిలోలు. బండి అడుగు చెక్క ఊడదీసి, కమ్ముల మధ్య దాన్ని పరిచి, చెక్క మళ్ళీ బిగించి, పైన వార్నిష్ పూశాడు. అతని చేతిపని కాబట్టి అతుకు ఎవరికీ కనపడదు. షెడ్డు మూతపడాలని అతను కోరుకోలేదు. ఒక్కసారి, పదిమందిలో, వోద్రాన్ బండి ఈక కాదని కాటా చెప్పాలి. లాబర్త్ కాస్త మొహం చిట్లించాలి. ఆ తరవాత సంగతి ఆ తరవాత. కడుపు మండేవాడి ఆలోచన అంతకంటే దూరం పోదు.

గురువారం సంత చౌకులో కాటా చుట్టూ జనం మూగారు. తూకం అధికారి ముల్లు సరిచేసి, కళ్ళజోడు పైకి తోసి చదివాడు. మూడు వందల యాభై నాలుగు.

అషీల్ హారన్ ఊడదీశాడు, అయినా ఎక్కువే తూగింది. దీపాలు తియ్యబోతే అధికారి అడ్డం వచ్చాడు. "దీపాలు లేని బండికి కాగితం ఇవ్వను. ఇలాగైతే ఇంజను కూడా తీసి తూయమంటారేమో." జనం గొల్లుమన్నారు. ఫిర్మాన్‌కి ఆ నవ్వు ఒక్క నిమిషం కమ్మగా ఉంది. నిమిషం దాటాక చూస్తే లాబర్త్ గడియారం తీసి చూసుకుంటున్నాడు. పక్క ఊళ్ళో ఇంకొకరి బండి చూడాల్సి ఉందని, నాలుగింటి రైలుకి వెళ్ళిపోవాలని చెప్పి, అషీల్ చెయ్యి కలిపి వెళ్ళిపోయాడు.

మిత్రులిద్దరూ మదాం గెర్లే హోటల్లో మూల బల్ల దగ్గర కూలబడ్డారు. చాలాసేపు అషీల్ గ్లాసు ముట్టుకోలేదు.

"తప్పు నాదేరా," అన్నాడు చివరికి. "ఇంజనులో ఫ్లైవీల్ చక్రం బరువుగా పోశానల్లే ఉంది. నీ బాడీలో గ్రాము తేడా రాదు. అది నాకు తెలుసు."

ఫిర్మాన్ తల ఎత్తేలోపే అషీల్ మళ్ళీ అందుకున్నాడు.

"ఎప్పుడూ తప్పు నాదే. ఆదివారం బండ్లు నా గుమ్మానికి ఎందుకొస్తాయనుకుంటున్నావ్?"

"ఎందుకేమిటి, నీ మీద ప్రేమ."

"ప్రేమా నా మొహమా. జబ్బులురా. ఒకదానికి కార్బురేటర్ పూడుకుపోతుంది, ఒకదానికి వాల్వు కాలుతుంది, ఒకదానికి నూనె కారుతుంది. ఎవరి చేతిపనిలో తేడా ఉంటే వాడి గుమ్మానికి వస్తాయవి. దారిలో ఆగిపోకముందే వచ్చి నిలబడతాయి. యజమానులు ట్రాము దిగేలోపు నేను బాగుచేసి పెడితే, వోద్రాన్ ఇంజను ఆగదని పేరు. రెండున్నరేళ్ళుగా సిగ్గుతో చస్తున్నాను. నీ దగ్గరికి ఒక్కటంటే ఒక్కటి రాలేదు. ఒక్క మేకు ఊడలేదు. ఆదివారం లేచి ఖాళీగా ఉన్న నీ గుమ్మం చూస్తే నాకు కడుపు రగిలిపోయేది."

"నా మీదా?"

"నీ మీద కాక? ఇల్లు మార్చుకుందామన్నావు చూడు, ఎగిరి గంతేశాను. ఆ గడప మహిమేమో, నా ముందూ ఖాళీ అవుతుందేమోనని. పేరు సంగతీ అంతే. నీ పనికి పేరెందుకు, చూసినవాడికి తెలుస్తుంది. నాకే ఏదో ఒక ఆసరా కావాలనిపించింది."

సీసం మాట ఫిర్మాన్ నాలిక చివరి దాకా వచ్చింది. ఇప్పుడే లేచి, అడుగు చెక్క ఊడదీసి, రైలు కదిలేలోపు లాబర్త్‌ని పట్టుకుని మళ్ళీ తూయించవచ్చు. నాలుగవడానికి ఇంకా ముప్పావుగంట ఉంది. కానీ అషీల్ నోట వచ్చిన ఆ మాట చెవుల్లో తిరుగుతోంది. ఇన్నాళ్ళు తను మాత్రమే మోసిన మంట వాడూ మోశాడట. అది ఇంకొంచెం వినాలనిపించింది.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

"ఏది?"

"అదే, కడుపు రగలడం."

"మొదటి బండి నుంచి."

"బాగా రగిలేదా?"

"నిద్రపట్టేది కాదు."

ఫిర్మాన్ వాడి గ్లాసు నింపాడు, తన గ్లాసూ నింపుకున్నాడు. ఇంకో రెండు ప్రశ్నలు వేశాడు. స్టేషనులో రైలు కూత వినిపించింది. రేపు పొద్దున్నే వచ్చి సీసం తీసేద్దాం, ఫ్లైవీల్ గీకామని చెప్పి తూకం వేయించి, బోర్డోకి ఉత్తరం రాద్దాం అనుకుంటూ ఇంటికెళ్ళాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

పొద్దున వచ్చేసరికి షెడ్డులో బండి లేదు.

"అమ్మేశాను," అన్నాడు అషీల్. "రాంబుయే ఊరి పశువుల డాక్టరుట, తెల్లారకముందే వచ్చాడు. పూర్తి పన్ను కట్టుకుంటానన్నాడు. దాని మొహం చూడలేకపోయాను."

ఆదివారం ఆరింటికి బండ్లు వచ్చాయి. అయిదు అషీల్ గోడకి ఆనుకున్నాయి. ఆరోది కొత్తది, వార్నిష్ వాసన ఇంకా పోలేదు. అది సందు మధ్యలో ఆగలేదు, తడుముకోలేదు. తిన్నగా వచ్చి ఫిర్మాన్ గుమ్మం మెట్టుకి ముక్కు ఆనించింది.

"ఏమయ్యా," అని పిలిచింది లియొంతీన్. "నీకొకటి వచ్చింది."

ఇన్నేళ్ళూ అతను కోరుకున్నది ఇదే. ఇప్పుడు కిటికీ తలుపు మూసెయ్యబోయాడు. ఎదురింటి తలుపు తెరుచుకుంది. అషీల్ బనీనుతోనే వీధి దాటి వచ్చేస్తున్నాడు. నాలుగు రోజులుగా వాడిపోయిన మొహం వెలిగిపోతోంది.

"నీక్కూడా వచ్చిందిరా," అన్నాడు. "నీ పనిలోనూ తేడా ఉంది. ఎక్కడ? తలుపా? మడ్గార్డా? చెప్పరా, సిగ్గుపడకు, నాకు నలభైసార్లు అలవాటే."

ఫిర్మాన్ ఏదో ఒక మేకు చూపించి ఉండొచ్చు. మేకు బిగించినా బండి కదలదని అతనికి తెలుసు. స్క్రూడ్రైవర్ తెచ్చి, బండిలోకి వంగి, అడుగు చెక్క ఊడదీసి, సీసం పలక తీసి మెట్టు మీద పెట్టాడు.

అషీల్ దాన్ని రెండు చేతుల్తో ఎత్తి చూశాడు. గ్రాములు లెక్కపెట్టిన చేతులవి. "అయిదు," అన్నాడు. మళ్ళీ కింద పెట్టాడు. లియొంతీన్ కాఫీ మర తిప్పడం మానేసింది.

"ఒక్కటి మాత్రం చెప్తాను," అన్నాడు అషీల్ నెమ్మదిగా. "నీ మీద నాకున్న ఏడుపు ఇవాళ్టితో పోయింది."

అంతకంటే తిట్టి ఉంటే బాగుండేదని ఫిర్మాన్ తరవాత చాలాసార్లు అనుకున్నాడు.

లాబర్త్ ఆ ముప్ఫై బండ్లూ పక్క ఊళ్ళో తీసుకున్నాడు. క్రిస్మస్‌కి షెడ్డు మూసేశారు. మొత్తం నలభై ఒక్క బండ్లు. అషీల్ నది వెంట దిగువకి పోయి మాంత్ అనే ఊళ్ళో ఒక గరాజులో మెకానిక్‌గా కుదురుకున్నాడు. ఫిర్మాన్ పెద్ద కార్ఖానాలో చేరాడు. రోజంతా ఒకటే పని, వచ్చే ప్రతి కారుకీ ఎడమ తలుపు బిగించడం.

బండ్లు ఇప్పుడు ఆదివారం మాంత్ వెళ్తున్నాయి. పొద్దున వంతెన మీద హారన్లు వినిపించేవి, సందు వైపు తిరక్కుండా వెళ్ళిపోయేవి. "మీ పుణ్యమా అని సగం ఆల్చిప్పలు పారబోస్తున్నాను మెస్యూ కొర్బ్యే," అనేది మదాం గెర్లే. అవి వెళ్ళేది జబ్బులతోనని ఫిర్మాన్‌కి తెలుసు. అయినా ఆ హారన్లు వింటే కడుపులో పాత చోటే మండేది. రోగాలకి కూడా వాడే కావాలి వీటికి, అనుకునేవాడు.

ఒక్క పశువుల డాక్టరు బండి మాత్రం ప్రతి ఆదివారం వచ్చి ఫిర్మాన్ మెట్టుకే ముక్కు ఆనించేది. సీసం మొదటి రోజే తీసేశాడు. అడుగు చెక్క మార్చాడు. తలుపు ఊడదీసి బిగించాడు, టాపు కుట్లు విప్పి కుట్టాడు. చట్రం కమ్ములు ఒక్కొక్కటీ వేలితో తట్టి, చెవి పెట్టి విన్నాడు. ఎక్కడా ఏమీ లేదు.

"ఏమిటండీ జబ్బు?" అని అడిగేవాడు డాక్టరు మధ్యాహ్నం ట్రాము దిగి.

"ఏమీ లేదు డాక్టరు గారూ."

"ఊరికే రాదు కదా."

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఫిర్మాన్ చర్చికి వెళ్ళలేదు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, చెయ్యడానికి ఏమీ మిగల్లేదని, తలుపు తీసి ఎక్కి కూర్చున్నాడు. స్టీరింగు ముట్టుకోలేదు. బండి వెనక్కి జరిగి, సందు మొదలు వైపు తిరిగింది. లియొంతీన్ పరిగెత్తుకొచ్చి ఉన్ని మఫ్లరు అతని ఒళ్ళోకి విసిరింది.

"ఎక్కడికి?"

"దానికే తెలియాలి."

"మెడ చుట్టుకో, చలి," అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

వంతెన దగ్గర పోలీసు చెయ్యి తీశాడు. బండి నది ఒడ్డునే రెండు గంటలు పోయింది. మాంత్‌లో చర్చి వెనక గరాజు ముందు ఎనిమిది వోద్రాన్ బండ్లు గోడకి ముక్కులు ఆనించి ఉన్నాయి. ఇది తొమ్మిదోదిగా చివర చేరింది. ఫిర్మాన్ మఫ్లరులో మొహం సగం దాచుకుని కూర్చుండిపోయాడు.

అషీల్ వరసలో ఒక్కో బండీ చూసుకుంటూ వచ్చాడు. ఫిర్మాన్‌ని చూశాడు, పలకరించలేదు. బానెట్ ఎత్తాడు. ప్లగ్గులు తీసి చూసి పెట్టాడు. కార్బురేటర్ విప్పి, ఊది, బిగించాడు. చాలాసేపు చూశాడు.

"ఇంజను బాగానే ఉంది," అన్నాడు బానెట్ దించి.

"తెలుసు. బాడీ కూడా బాగానే ఉంది."

"మరెందుకొచ్చింది?"

ఫిర్మాన్ గరాజు వైపు చూశాడు. పెద్ద గరాజు. నున్నటి నేల. గోడకి వరసగా కొత్త పనిముట్లు. కిటికీలోంచి ఎండ తిన్నగా బల్ల మీద పడుతోంది. అలాంటి ఎండలో అతను ఒక్కరోజు కూడా పనిచేసి ఎరగడు. లోపల అదే చోట అదే మంట లేచింది. ఈసారి దాచుకోవాలనిపించలేదు.

"నన్ను చూపించడానికి తెచ్చిందిరా," అన్నాడు. "ఇప్పుడు కూడా ఆ కిటికీ చూసి కుళ్ళుకుంటున్నాను."

అషీల్ ఒకసారి కిటికీ వైపు తిరిగి చూసి, గుడ్డకి చేతులు తుడుచుకుని, బండి తలుపు తీశాడు.

"కుళ్ళుకుంటే కుళ్ళుకున్నావు గానీ, దిగి లోపలికొచ్చి కుళ్ళుకో."